నాలుగు వదులు నట్లు

“ఉప్పుగిన్నె ఇటు జరపమని మీ అన్నకి చెప్పు” అన్నాడు ఎనాక్ టర్టన్, ఉడికించిన గుడ్డు నెత్తి మీద చెంచాతో కొడుతూ.

ఉప్పుగిన్నె సైలస్ గ్రైస్ మోచేతిని ఆనుకునే ఉంది. సైలస్‌కి చెవుడు లేదు. బల్ల కూడా పెద్దది కాదు. అయినా ఆయన రొట్టెకి వెన్న రాసుకుంటూ చెల్లెలి వంకే చూశాడు.

“కావలసినవాళ్ళని చెయ్యి చాపి తీసుకోమను హెస్టర్. నా చెయ్యి తగిలితే మీ ఆయన గుడ్డు కూడా పాడైపోతుందేమో.”

“విన్నావా? దెప్పుతున్నాడు!”

“నేను మాట్లాడింది మా చెల్లితో.”

హెస్టర్ ఉప్పుగిన్నె తీసి భర్త ముందు ఠపీమని పెట్టింది. వారం పైగా ఆమెకి ఇదే కొలువు. చేతికందేంత దూరంలో కూర్చున్న ఇద్దరు పెద్దమనుషుల మధ్య మాటలు మోయడం. ఒకాయన తాళి కట్టకపోయినా ఉంగరం తొడిగిన మొగుడు, రెండో ఆయన తోడబుట్టిన అన్న. ఎవరినీ తిట్టి తరిమేయడానికి లేదు.

గొడవ మొన్నటిది కాక అంతకుముందు ఆదివారం భోజనాల దగ్గర మొదలైంది. “నా బుర్రలోంచి పుట్టిన వస్తువు మీద ఎవరికో కళ్ళు కుట్టాయి. నేను లేనప్పుడు దాని మీద చెయ్యి పెట్టి చెడగొడుతున్నారు. షెడ్డు తాళంచెవి నా దగ్గర కాక ఇంకొక్కరి దగ్గరే ఉంది” అన్నాడు ఎనాక్. ఆ ఇంకొక్కరు సైలస్. టర్టన్ మోటారు షెడ్డు పుట్టినప్పటినుంచీ హెడ్ మేస్త్రీ ఆయనే. అవునని గానీ కాదని గానీ అనకుండా, తనకి ప్రాణమైన బెల్లంపాకం పుడ్డింగు సగంలో వదిలేసి లేచిపోయాడు. ఆయన పుడ్డింగు వదిలేయడం చూశాకే హెస్టర్‌కి తెలిసింది, ఇది మామూలు అలక కాదని.

మర్నాటికి షెడ్డంతా పాకింది. మా కొవెంట్రీలో పనివాళ్ళకి కోపం వస్తే రాళ్ళు విసరరు, కేకలు వేయరు. మాట మానేస్తారు. ఎనాక్ సుత్తి అడిగితే సుత్తి చేతిలో పెడతారు, గుడ్ మార్నింగ్ అంటే టోపీ తీస్తారు, నోరు మాత్రం విప్పరు. సొంత షెడ్డులో ఎనాక్ తనలో తనే మాట్లాడుకుంటూ తిరుగుతున్నాడు. అది చూసి పనివాళ్ళు ఇంకొంచెం గట్టిగా నోళ్ళు మూసుకున్నారు.

ఇక నడవలో సైలస్ రేకుపెట్టె ఉంది. భార్య పోయిన దగ్గరనుంచీ ఆయన ఈ ఇంట్లోనే, మేడమీది వెనకగదిలో ఉంటున్నాడు. సోమవారం ఆ పెట్టె సర్ది, తాడు కట్టి, నడవలో తెచ్చిపెట్టాడు. ఊల్వర్‌హాంప్టన్‌లో ఎవరో సైకిళ్ళవాళ్ళు రమ్మన్నారట. శనివారం దాకా ఆగుతానన్నాడు, షెడ్డులో తయారవుతున్న కొత్త కారు తన చేతిమీదుగా బయటికెళ్ళాలని. అందరి కాళ్ళూ ఆ పెట్టెకే తగులుతున్నాయి. తగిలినప్పుడల్లా హెస్టర్ దాన్ని మేడమెట్ల వైపు ఒక అంగుళం జరుపుతోంది.

ఇవాళే ఆ శనివారం.

“కారు తీసుకోవడానికి లేడీ పెల్లింగ్ పదకొండింటికి వస్తుంది. ఈలోపు కారు ఒక్కసారి చూసుకోవాలి” అంటూ ఎనాక్ లేచాడు.

“వెళ్ళి చూసుకోమను. నేను చూస్తే చెడుతుందిగా” అన్నాడు సైలస్.

హెస్టర్ తలుపు దగ్గరికి నడిచి, తాళం వేసి, చెవి ఏప్రన్ జేబులో వేసుకుంది. తిరిగొచ్చి ఇద్దరి ముందున్న పళ్ళేలూ లాగేసుకుంది. ఎనాక్ గుడ్డులో పచ్చసొన ఇంకా అలాగే ఉంది.

“ఇదేంటి?” అన్నారు ఇద్దరూ ఒక్కసారే. ఒక్కసారే అన్నందుకు ఇద్దరూ సిగ్గుపడి చెరో గోడ వైపు తిరిగారు.

“ఇవాళ నేను ఎవరి మాటా మొయ్యను. అసలు సంగతేంటో చెప్పేదాకా ఈ తలుపు తెరవను. ఆవిడొచ్చి తలుపు కొడితే, లోపల ఇద్దరు ముసలి పిల్లలు అలిగి కూర్చున్నారు తల్లీ, మళ్ళీ రా అని కిటికీలోంచి చెప్తాను.”

“హెస్టర్, నీకు పిచ్చి పట్టిందా?”

“పట్టించారుగా. ఏమండీ, ముందు మీరు చెప్పండి. మా అన్నయ్య ఏం పాడుచేశాడు? దాని పేరేంటి?”

“చెప్పకూడదు. పేటెంటు ముద్ర పడేదాకా గోడకి కూడా చెప్పొద్దన్నాడు లాయరు.”

“నేను గోడనా?”

 ఆ ప్రశ్నకి క్షేమమైన జవాబు లేదని ఇన్నేళ్ళ కాపురంలో ఎనాక్ నేర్చుకున్నాడు.

“అన్నయ్యా, నువ్వు చెప్పు. సాయంత్రం షెడ్డు మూసేటప్పుడు ఆ కారు మీద చెయ్యి వేశావా, లేదా?”

సైలస్ బల్లగుడ్డ మడతలు సరిచేశాడు.

“వేశాను.”

“అదిగో! ఒప్పుకున్నాడు!” ఎనాక్ ఎగిరాడు.

“మీరు కూర్చోండి. ఎందుకు వేశావు అన్నయ్యా?”

“అది చెప్పను. చెప్తే పోయేది నా పరువు కాదు.”

“మరెవరిది?”

“నీ మొగుడిది. అందుకే చెప్పను. దొంగ అన్నాడు, పడ్డాను. ఊరు విడిచి పోతున్నాను. ఇంకా ఎందుకు నన్ను కదిలిస్తావు?” సైలస్ గొంతు వణికింది. ఆయన గొంతు వణకడం హెస్టర్ ఒక్కసారే విన్నది, వదిన పోయినరోజు.

“నా పరువా?” అన్నాడు ఎనాక్. “నేనేం చేశానట? చెప్పమను!”

“చెప్పు అన్నయ్యా. మొగుడి పరువు నేను చూసుకుంటాను.”

సైలస్ నిట్టూర్చి, ఎనాక్ గదిలో లేనట్టుగా, చెల్లెలికి మాత్రమే వినపడేలా గొంతు తగ్గించాడు. ఎనాక్ చెవులు రిక్కించి ముందుకి వంగాడు.

“మీ మామగారు చివరిరోజుల్లో ఎలా ఉండేవారో గుర్తుందా? ఒక బూటు కాలికి తొడుక్కుని, రెండోది టీకప్పు పక్కన పెట్టుకుని, బూటు పోయిందని ఇల్లంతా వెతికించేవారు.”

“గుర్తుంది.”

“మీ ఆయనకీ మొదలైంది.”

“ఏంటీ?”

“ఇంజను ముందు కొత్తగా చిన్న చక్రం ఒకటి బిగించాడు. మేమంతా ప్రార్థనకి వెళ్ళినప్పుడు, ఒక్కడే. దాని నట్లు నాలుగూ బిగించడం మర్చిపోయాడు. వేలితో తోస్తే తిరుగుతున్నాయి! పాపం, పెద్దవాడవుతున్నాడు, మరిచాడులే అని నేను బిగించాను. మర్నాడు సాయంత్రం చూస్తే మళ్ళీ వదులు. మళ్ళీ బిగించాను. రోజూ ఇదే. పనివాళ్ళకి తెలిస్తే యజమానిని చూసి నవ్వుతారు. నీకు తెలిస్తే ఏడుస్తావు. అందుకని నోరు మూసుకున్నాను. దానికి నాకు దక్కిన బిరుదు, కళ్ళు కుట్టినవాడు.”

 ఎనాక్ చేతిలో చెంచా జారి కిందపడింది.

“నువ్వు… జాలిపడి బిగించావా?”

మాట తిన్నగా సైలస్‌నే అడిగాడు. వారం పైగా అయ్యాక ఇదే మొదటి మాట. సైలస్ కూడా కంగారులో తిన్నగానే జవాబిచ్చాడు.

“మరి వదిలెయ్యమంటావా?”

“వదిలెయ్యడానికేగా నేను వదిలేసింది!”

“నట్టు వదిలేస్తారా ఎవరైనా?”

“కింద స్ప్రింగులున్నాయి, చూళ్ళేదా?”

“చూశాను. అవీ వదులుగానే ఉన్నాయి!”

“ఉండాలి బావా! అవి అలాగే ఉండాలి!”

ఇక్కడ సైలస్ పక్షాన ఒక మాట చెప్పాలి. మా ఊళ్ళో ఫిట్టరు పని నేర్చినవాడెవడైనా సాయంత్రం కూత వేశాక పానా పట్టుకుని బండి చుట్టూ ఒక చుట్టు తిరుగుతాడు. కనపడిన నట్టునల్లా ఒక్క పట్టు బిగించి గానీ కోటు తొడుక్కోడు. సైలస్ వాళ్ళ నాన్న అలాగే చేశాడు, తాత గడియారాలకీ అలాగే చేశాడు. సైలస్ ఒకసారి పెళ్ళివిందులో పెళ్ళికూతురి కుర్చీ కాలు బిగించి వచ్చాడు. అలాంటి మనిషికి వదులు నట్టు చూపించి చెయ్యి కట్టుకోమనడం అన్యాయం. చెప్పకుండా చూపించడం మరీ అన్యాయం.

ఎనాక్ చేతిగుడ్డ తీసి, రెండు చివర్లూ పట్టుకుని మెలిపెట్టాడు.

“ఇదిగో, ఆరు సిలిండర్ల ఇంజను కింద పొడుగాటి ఇరుసు, క్రాంకు. ఒక్కో సిలిండర్లో పెట్రోలు పేలినప్పుడల్లా దాన్ని ఇలా మెలిపెడుతుంది. అది తిరిగి విప్పుకుంటుంది. మామూలు వేగంలో ఫరవాలేదు. గంటకి ముప్ఫై అయిదు మైళ్ళు వచ్చేసరికి దెబ్బా, విదిలింపూ ఒక్క లయలో పడతాయి. ఉయ్యాల వెనక్కొచ్చినప్పుడల్లా సరిగ్గా అప్పుడే తోసినట్టు. దాంతో బండంతా వణుకు. క్రాంకు ఎంత లావు చేసినా పోలేదు. ఎంత బిగించినా పోలేదు. మరి ఇప్పుడు ముందు కొసన ఒక బరువు చక్రం పెట్టాను. గట్టిగా పట్టుకోదు. రెండు పలకల మధ్య రాసుకుంటూ కొంచెం జారుతుంది. ఆ పలకల్ని మెత్తగా నొక్కి ఉంచేది నట్లు కాదు, వాటి కింది స్ప్రింగులు. క్రాంకు విదిలించినప్పుడు చక్రం వెనకబడి, ఆ విదిలింపుని రాపిడితో మింగేస్తుంది. బిగించేశావో, అదీ క్రాంకుతో పాటు చిందులేస్తుంది. అంతే.”

సైలస్ మొహంలో నమ్మకం లేదు.

“జారే చక్రం” అన్నాడు. “నా చేతిమీదుగా వెళ్ళే కారుకి, జారే చక్రం.”

అప్పుడు హెస్టర్ నెమ్మదిగా అంది. “అన్నయ్యా, వదిన పోయినరోజు నువ్వు వణికిపోయావు గుర్తుందా? చర్చివాళ్ళు నలుగురు నిన్ను గట్టిగా పట్టుకున్నారు. వాళ్ళూ నీతో పాటు ఊగారు గానీ నీ వణుకు ఆగలేదు. తరవాత నేనొచ్చి నీ వీపు మీద ఊరికే చెయ్యి ఆనించాను. పట్టుకోలేదు.”

సైలస్ తల దించుకున్నాడు. ఆ రోజు ఎంతసేపటికి ఆగిందో ఆయనకి తెలుసు. ఆ చెయ్యి లేకపోతే తానేమైపోయేవాడో కూడా తెలుసు. హెస్టర్ కళ్ళు తుడుచుకుంది. ఎనాక్ ముక్కు చీదాడు. ఆ ఇంట్లో శాంతి నెలకొనడానికి అదే సరైన క్షణం, సైలస్ ఇంకో ప్రశ్న వేయకుండా ఉండుంటే.

“రాపిడి అన్నావు. పలకల మధ్య రాసుకునేది ఏంటి?”

“దళసరి ఉన్ని. నూనెలో నానబెట్టింది.”

“అంత మంచి ఉన్ని ఎక్కడ దొరికింది?”

ఎనాక్ తన గుడ్డున్న పళ్ళెం కోసం ఆశగా చూశాడు. “పాత టోపీది.”

“ఎవరి పాత టోపీ?”

“అంటే… మరీ పాతదేం కాదు.”

సైలస్ లేచి నిలబడ్డాడు. ఆయన ఆదివారం ప్రార్థనకి పెట్టుకునే నల్లటోపీ పోయి చాలా రోజులైంది. పక్కింటి కుక్క మీద, గాలి మీద, చివరికి చందా పోగుచేసే పెద్దమనిషి మీద కూడా అనుమానపడ్డాడు.

“అయితే ఇన్నాళ్ళూ నేను నా టోపీనే బిగిస్తూ వచ్చానన్నమాట!”

“దానికంటే మెత్తని ఉన్ని ఊళ్ళో దొరకలేదు బావా, నమ్ము.”

“మా ఆవిడ కొనిపెట్టిన టోపీ అది!”

మళ్ళీ మొదలైంది. హెస్టర్ బల్ల మీద కెటిల్‌తో కొట్టాల్సివచ్చింది. చివరికి సైలస్ కోటు జేబులోంచి పానా తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఎన్నేళ్ళుగానో పట్టుకుని పట్టుకుని పిడి నున్నగా అరిగిపోయింది.

“ఇది నీ దగ్గర ఉంచు. వదులు నట్టు కళ్ళెదురుగా ఉంటే నా చేతులు నా మాట వినవు. కారు ఇవాళ నీ మొగుడు చెప్పినట్టే వెళ్తుంది. లేడీ పెల్లింగ్ పళ్ళు కదలకుండా ఇల్లు చేరిందా, నా పెట్టె మేడెక్కిస్తాను. కదిలాయా, ఇంతకాలం మా నాన్న నేర్పిందీ నేను చేసిందీ సరైనదే అన్నమాట. సాయంత్రం బండికి ఊల్వర్‌హాంప్టన్.”

“పళ్ళకీ దీనికీ…” అనబోయాడు ఎనాక్.

“ఒప్పుకోండి” అంది హెస్టర్, తాళం తీస్తూ.

పళ్ళ సంగతికి వస్తే, లేడీ పెల్లింగ్‌వి కట్టుడుపళ్ళు. ఆవిడ మోటార్లను కొలిచేది వాటితోనే. పాత కారులో ముప్ఫై అయిదు మైళ్ళ దగ్గర ఆ వణుకు పుట్టినప్పుడు, పై వరస ఊడి ఒళ్ళో పడింది. పక్కన ఆడపడుచు ఉంది. ఆ ఆడపడుచు ఆ సంగతి కెనిల్‌వర్త్‌లో చెప్పని గడప లేదు. అప్పటినుంచీ లేడీ పెల్లింగ్‌కి జీవితంలో ఒకే కోరిక మిగిలింది. వణకని కారులో వెళ్ళి ఆడపడుచు గుమ్మంలో దిగాలి.

ఆవిడ గుర్రబ్బండిలో దిగింది. వెంట డ్రైవరు జేబెజ్ ఉన్నాడు. ఇంత మీసం, మెరిసే తోలు పట్టీలు, నడకలో యజమానురాలికంటే ఎక్కువ దర్జా. ఒకప్పుడు సైలస్ చేతికింద పని నేర్చుకున్నవాడే. మేస్త్రీని చూడగానే టోపీ తీశాడు.

“ఎవరైనా నాతో మాట్లాడుతూ ఉండాలి” అంది లేడీ పెల్లింగ్, సరిగ్గా వినపడక చెవి దగ్గర పెట్టుకునే కొమ్ముగొట్టం సర్దుకుంటూ. “మాట మధ్యలో వణుకొస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. నువ్వు రా అమ్మాయ్.”

అలా యాభై దాటిన హెస్టర్ అమ్మాయి హోదాలో వెనకసీటెక్కింది. ఎనాక్ తోలుతున్నాడు. పక్కన సైలస్ మోకాళ్ళ మీద చేతులు బిగించి కూర్చున్నాడు. హెస్టర్ జేబులో పానా బరువుగా తొడకి తగులుతోంది.

ఊరు దాటింది. మెరిడెన్ ఎత్తు ఎక్కి, అవతల తిన్నని రోడ్డు మీద పడ్డారు. వేగం చూపే ముల్లు ఇరవై అయిదు దాటింది. ముప్ఫైకి వచ్చింది. లేడీ పెల్లింగ్ ఒక చేత్తో దవడ పట్టుకుంది.

“మాట్లాడవేం?”

“మీ… మీ ఆడపడుచుగారు బాగున్నారా అమ్మగారూ?” నోటికొచ్చింది అడిగేసింది హెస్టర్.

“దాని సంగతి ఎత్తకు!” అని లేడీ పెల్లింగ్ ఆ సంగతే ఎత్తుకుంది. ఆడపడుచు పిసినారితనం, ఆడపడుచు కూతురి నిశ్చితార్థం చెడిపోవడం, వంటమనిషి లేచిపోవడం. ముల్లు ముప్ఫై మూడు. ముప్ఫై నాలుగు. సైలస్ మెడ వెనక నరం ఉబ్బింది. ముప్ఫై అయిదు. హెస్టర్ కళ్ళు మూసుకుంది.

“…తీరా చూస్తే ఆ వంటమనిషికి అప్పటికే పెళ్ళయింది!” అంది లేడీ పెల్లింగ్. ఆగింది. “ఏదీ, ఇంకా రాదేం?”

“ఏదమ్మగారూ?”

“వణుకు!”

“దాటి చాలాసేపయింది” అన్నాడు ఎనాక్ ముందునుంచి. 

లేడీ పెల్లింగ్ దవడ మీదినుంచి చెయ్యి తీసింది. పళ్ళు రెండుసార్లు టకటకలాడించి చూసుకుంది. అన్నీ ఉన్నచోటే ఉన్నాయి. సైలస్ మెల్లగా అరచేతులు విప్పాడు. వెనక్కి తిరిగి చెల్లెలి వైపు ఒకసారి చూశాడు. ఆ చూపు చాలు, హెస్టర్‌కి పెట్టె మేడెక్కినంత హాయిగా అనిపించింది.

తిరిగొచ్చాక ముందుగదిలో టీ, మూడుమూలల తీపికేకులు. లేడీ పెల్లింగ్ మూడు తింది.

“ఇప్పుడే తీసుకెళ్తాను. ఇటునుంచి ఇటే కెనిల్‌వర్త్. శనివారం దాని ఇంటికి చుట్టాలొస్తారు. అందరూ ఉండగా దిగాలి. దాన్నీ ఎక్కించుకుని తిప్పుతాను, అది చూసుకుంటుంది నా పళ్ళు!”

“రైలు వంతెన దాటేదాకా మెల్లిగా పోనివ్వాలి అమ్మగారూ, పోలీసులు. అవతల మీ ఇష్టం” అన్నాడు ఎనాక్. ఆనందం పట్టలేక బావ కప్పులో తనే చక్కెర వేశాడు, రెండుసార్లు. సైలస్ చక్కెర వేసుకోడు. అయినా తాగాడు.

అందరూ వాకిట్లోకి వచ్చారు. పనివాళ్ళు షెడ్డు గుమ్మంలో వరసగా నిలబడ్డారు. ఇంకా యజమానితో మాట్లాడటం లేదు. సంధి కుదిరిన సంగతి వాళ్ళకి తెలియదు, చెప్పాలని ఎవరికీ తోచలేదు. జేబెజ్ స్టీరింగు చక్రం ముందు కూర్చుని చేతితొడుగులు సవరించుకున్నాడు. బండి కదలబోతుండగా వంగి, సైలస్ చెవిలో చెప్పాడు. హెస్టర్ పక్కనే ఉంది గనక ఆమెకీ వినపడింది.

“మేస్త్రీ గారూ, మీరు టీ తాగుతుంటే ఒక చుట్టు తిరిగి చూశాను. ఇంజను ముందున్న చిన్న చక్రం నట్లు నాలుగూ వదులుగా ఉన్నాయి. వయసు వస్తోంది కదా, ఎవరికైనా మరుపు సహజం. గట్టిగా బిగించేశాను. ఎవరికీ చెప్పను లెండి, మీ పేరు పోనిస్తానా?”

కన్ను గీటి, బండి కదిలించాడు.

సైలస్ అలాగే నిలబడిపోయాడు. ఎనాక్‌కి తను చేసిన ఉపకారమే, ముక్కకి ముక్క, ఇప్పుడు తనకి జరిగింది. అది ఇంత మంటగా ఉంటుందని ఆయనకి తెలియదు. కారు గేటు దాటి, వీధిలోకి తిరిగింది. లేడీ పెల్లింగ్ చెయ్యి ఊపింది.

“ఆపు!” అన్నాడు సైలస్. మొదట గొణిగినట్టు. తరవాత, షెడ్డు పుట్టిన దగ్గరనుంచీ ఆయన నోట ఎవరూ వినని మాట, పనివాళ్ళందరి ముందూ, గొంతు చించుకుని. “విప్పు! జేబెజ్, నట్లు వదులు చెయ్యి! వదులు చెయ్యరా!”

పనివాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాపం, మేస్త్రీ గారికి మతి పోయిందనుకున్నారు. లేడీ పెల్లింగ్‌కి వినపడదు. జేబెజ్‌కి, చప్పుడు చెయ్యని ఎనాక్ ఇంజను పుణ్యమా అని, వినపడాలి గానీ, అతను హారను మోగిస్తూ కోళ్ళని తప్పిస్తున్నాడు.

“ఏమైంది?” ఎనాక్ పరిగెత్తుకొచ్చాడు.

“వాడు బిగించేశాడు!”

“ఎవడు నేర్పాడు వాడికి?”

“నేనే!”

షెడ్డు గోడకి ఇద్దరు తొక్కే జంటసైకిలు ఒకటి వేలాడుతోంది. మోటార్ల జోలికి రాకముందు వీళ్ళిద్దరూ కలిసి చేసిన మొదటి వస్తువు. ఇద్దరూ ఒకేసారి దాని మీద పడి కిందికి లాగారు.

“ముందు నేను” అన్నాడు ఎనాక్.

“ఎప్పుడైనా ముందు కూర్చున్నావా నువ్వు? వెనకెక్కు!”

ఎనాక్ వెనకెక్కాడు. సైలస్ చెయ్యి చాపాడు. “చెల్లీ, పానా!”

హెస్టర్ జేబులోంచి తీసింది, కానీ వెంటనే ఇవ్వలేదు. “విప్పడానికే కదా అన్నయ్యా?”

సైలస్ తల ఊపాడు. ఆమె ఇచ్చింది. సైకిలు రెండు వంకరలు పోయి, నిలదొక్కుకుని, గేటు దాటింది.

“ఎన్ని చుట్లు విప్పాలి?” సైలస్ గొంతు.

“రెండు!”

“ఒకటి చాలదా?”

“రెండు బావా!”

“ఒకటిన్నర!”

మలుపు తిరిగేదాకా వాళ్ళ కేకలు వినపడుతూనే ఉన్నాయి. సైలస్ గ్రైస్ ఒక నట్టు విషయంలో బేరానికి దిగడం హెస్టర్ పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి. ఇద్దరూ తన సాయం లేకుండా నేరుగా పోట్లాడుకుంటున్నారు. ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. వంతెన దాకా జేబెజ్ మెల్లిగానే పోవాలి. అందుకుంటారు. అందుకోక ఏం చేస్తారు?

ఖాళీ టీకప్పులు తీద్దామని కిటికీ దగ్గరికి వెళ్ళింది. జేబెజ్‌కి పంపిన కేకు పళ్ళెం కిటికీ గట్టు మీద ఉంది. పక్కనే శుభ్రమైన గుడ్డ ఒకటి నాలుగు మడతలు పెట్టి ఉంది. జేబెజ్ పనితనం అలాంటిది, ఏదీ ఎక్కడా విసిరేయడు. హెస్టర్ గుడ్డ విప్పింది.

లోపల నాలుగు చిన్న స్ప్రింగులు. నట్లు బిగించడానికి అడ్డమొచ్చాయని కాబోలు, ఊడదీసి, నూనె తుడిచి, మేస్త్రీ గారి కోసం జాగ్రత్తగా పెట్టి వెళ్ళాడు.

ఇవి లేకుండా ఆ నట్లు ఒక చుట్టు విప్పినా, రెండు చుట్లు విప్పినా ఒకటే. హెస్టర్ గేటు వంక చూసింది. వీధి ఖాళీగా ఉంది.

వారం పైగా ఈ ఇంట్లో వాళ్ళిద్దరి మాటలూ తనే మోసింది. ఇక స్ప్రింగులు కూడా మొయ్యాలన్నమాట.

గుడ్డ జేబులో కుక్కుకుని, పెరట్లో తన పాత సైకిలు కోసం నడవలోంచి పరిగెత్తింది. రేకుపెట్టె మళ్ళీ తగిలింది, ఈసారి ఏకంగా మోకాలికే. “ఉండవే, నీ పని చెప్తాను” అని దాన్ని ఒక్క తాపు తన్ని, గౌను అంచు పైకి దోపుకుని, కుంటుకుంటూ సైకిలెక్కింది.